ఎండను అడిగిన బొమ్మలు

మనోరమ టీచర్ తన బొమ్మలన్నీ యూనివర్సిటీకి ఇచ్చేస్తానన్న రోజు, వాటిని ఎక్కడ పెట్టాలో అక్కడ ఎవరికీ తోచలేదు. జహీరాబాద్ నుంచి ఝరాసంగం వెళ్లే దారిలో, ఎర్రమట్టి దిబ్బల మీద కొత్తగా కట్టిన యూనివర్సిటీ అది. తరగతి గదులున్నాయి, హాస్టళ్లున్నాయి, పెద్ద క్యాంటీన్ ఉంది. బొమ్మలు తగిలించుకోవడానికి మాత్రం ఒక మంచి గోడ లేదు.

ఆవిడ జహీరాబాద్ బాలికల పాఠశాలలో రిటైరయ్యేదాకా డ్రాయింగ్ చెప్పింది. సెలవు రోజొస్తే చాలు, షేర్ ఆటో ఎక్కి ఏదో ఒక ఊరు వెళ్లేది. తల మీద తువ్వాల వేసుకుని చేను గట్టున కూర్చుని, కాగితం మీద నీటిరంగులతో బొమ్మలు వేసేది. రాయికోడ్ దగ్గర పత్తి ఏరే ఆడవాళ్లు, సంతలో అల్లం కుప్పలు, కోతకొచ్చిన జొన్నచేలు. ఏ బొమ్మ చూసినా మిట్టమధ్యాహ్నపు ఎండే. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి కుటుంబంతో కలిసి ఊళ్లోనే ఉంటుంది. ఒంట్లో ఓపిక తగ్గాక, ఇంత కాగితం ఇంట్లో పెట్టుకుని ఏం చేయాలని, యూనివర్సిటీకి కబురు చేసింది.

వాటి కోసం ఒక మ్యూజియం కట్టాలని నిర్ణయమైంది. భవనాల కమిటీకి పెద్ద వీరభద్రరావు. తణుకు దగ్గర పుట్టి, ఉద్యోగం కోసం జహీరాబాద్ ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయినాయన. ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. మ్యూజియం తన పైకప్పు మీద పడే ఎండతో తయారయ్యే కరెంటుతోనే నడవాలి. క్యాంపస్ మీద అదనపు భారం పడకూడదు.

ఆ పని స్నిగ్ధకు వచ్చింది. ఆమెది కోహీర్. తండ్రి రామ్‌కిషన్ అక్కడ ఆలుగడ్డ, చెరుకు పండిస్తాడు. హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివి చిన్న ఆఫీసు పెట్టుకుంది. అప్పటిదాకా ఇళ్లు, ఒక బడి, రెండు ఫంక్షన్ హాళ్లు కట్టింది గానీ, పదిమందీ వచ్చి చూసే కట్టడం ఇదే మొదటిది. పైగా ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా జహీరాబాద్ బడిలో ఆమె చేత పెన్సిల్ పట్టించింది మనోరమ టీచరే.

స్నిగ్ధ చాలా ఇష్టంగా గీసింది. ఈ నేలలో దొరికే ఎర్రరాయితోనే మందపాటి గోడలు. భవనం సగం భూమిలోకి దిగి ఉంటుంది. పైన వేడిగాలి పోవడానికి ఎత్తుగా కిటికీలు. ఉత్తరం నుంచి మాత్రమే, అదీ కొంచెమే వెలుతురు. ఏసీ అక్కర్లేదు. "ఏసీ లేని మ్యూజియం" అన్న మాట ఆమె నోటి నుంచి కమిటీకి, కమిటీ నుంచి పత్రికలకు వెళ్లింది. ఒక పత్రిక ఆమె ఫోటో కూడా వేసింది.

కట్టడం మొదలుపెట్టే ముందు నమ్మకం కోసం ఒక నమూనా గది కట్టారు. మే నెలలో, బయట ఎండకు తారు కరుగుతున్న రోజున, వీరభద్రరావు కమిటీ సభ్యుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మెట్లు దిగి లోపలికి అడుగు పెట్టగానే ఆయన చేతిలోని రుమాలు జేబులోకి వెళ్లిపోయింది.

"భలే ఉందమ్మా! మా పెరట్లో పాత గాదె ఉండేది, దాంట్లో దూరినట్టుంది. ఫ్యాను కూడా లేదా?"

"లేదండి. గాలి దానంతటదే తిరుగుతుంది."

ఆ రోజు స్నిగ్ధ పొంగిపోయింది. ఆమెతో కలిసి పనిచేసే మహిధర్ మాత్రం గోడకు తగిలించిన తేమ కొలిచే పరికరాన్ని చూస్తూ ఊరుకున్నాడు. భవనాల్లో వేడి, గాలి, కరెంటు లెక్కలు చూడడం అతని పని. కాలేజీలో ఆమెకు సీనియర్.

బయటకు వచ్చాక అన్నాడు. "ఎండకాలం లెక్క వేరు స్నిగ్ధా. ముసురు వట్టినంక చూడాలె."

"చూద్దాం లే. ఇంత మందం గోడలున్నయి, ఏమైతది?"

మరుసటి వారం మనోరమ టీచర్ వచ్చింది. నమూనా గదిలో పెట్టి చూడడానికి మూడు బొమ్మలు అంతకుముందే ఇచ్చి పంపింది. ఒకటి జొన్నచేను. ఒకటి సంత. మూడోది ఆవిడ తల్లి, చూరు కింద కూర్చుని చాటలో సామలు చెరుగుతున్న బొమ్మ. ఆ తల్లికి ఫోటో అంటూ ఒక్కటీ లేదు. కూతురు వేసిన ఆ బొమ్మే ఉంది.

ఆవిడ మెల్లగా మెట్లు దిగి, జొన్నచేను ముందు నిలబడింది.

"ఏంది బిడ్డా, గిట్ల చీకట్ల పెట్టినవ్?"

"ఎక్కువ వెలుతురు పడితే నీటిరంగు వెలిసిపోతది టీచర్. మ్యూజియాలల్ల ఇంతే పెడతరు."

"గిది నేను మిట్టమధ్యానం ఎండల కూసోని ఏసిన. కండ్లు మిర్రుమిర్రుమనేటి ఎండ. గా ఎండే లేకుంటే గీ బొమ్మల ఇంకేమున్నది? పచ్చటి గడ్డి కనవడ్తున్నది, అంతే."

ఆవిడ స్వయంగా బొమ్మను గోడ మీంచి తీసి, మెట్లెక్కి వరండాలోకి తెచ్చింది. స్నిగ్ధ వద్దు వద్దంటూ వెనకే వచ్చింది. వరండా వెలుతురులో ఆ కాగితం నిజంగానే ఇంకో బొమ్మ అయిపోయింది. కంకుల మీద తెల్లగా వదిలేసిన చోట్లు ఎండలా మెరిశాయి. దూరంగా మంచె మీది మనిషి లోపల ఉన్నప్పుడు కనపడనే లేదు. ఇప్పుడు చేయి ఎత్తి పిట్టల్ని తోలుతున్నాడు.

"సూడు," అంది టీచర్.

స్నిగ్ధ చూసింది. అయినా ఒప్పుకోలేదు. ఇట్లా బయట పెడితే కొన్నేళ్లలో ఈ రంగులు మిగలవని, తన పని వాటిని కాపాడడమని నెమ్మదిగా చెప్పింది. టీచర్ వాదించలేదు. బొమ్మను ఆమె చేతికిచ్చి, ఆటో కోసం గేటు వైపు నడిచింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. జూలైలో ముసురు పట్టి వదల్లేదు. పెసర, మినుము చేలల్లో నీళ్లు నిలిచాయి. హైదరాబాద్ నుంచి మహిధర్ రోజూ ఫోన్ చేసేవాడు. నమూనా గది పరికరం నుంచి తన కంప్యూటర్‌కు వచ్చే లెక్కల్లో తేమ మరీ ఎక్కువగా కనిపిస్తున్నదని, బొమ్మలు తీయించమని. స్నిగ్ధ అప్పుడు పునాదుల డ్రాయింగుల్లో తలమునకలై ఉంది. ఈ వారం, వచ్చే వారం అనుకుంది. కిటికీలన్నీ తెరిపిస్తే సరిపోతుందని క్యాంపస్‌కు ఫోన్ చేసి చెప్పింది. తెరిచిన కిటికీల్లోంచి తడిగాలి మరింత లోపలికి వచ్చింది.

ముసురు కాస్త తెరిపి ఇచ్చాక ఇద్దరూ కలిసి వచ్చారు. తలుపు తీయగానే తడిసిన గోనెసంచి వాసన కొట్టింది. జొన్నచేను, సంత బొమ్మలు అంచుల్లో కొంచెం ఉబ్బాయి, అంతే. మూడో బొమ్మ, భూమిలోకి దిగిన వెనక గోడకు ఆనుకుని ఉంది. తల్లి చెంప మీద, మెడ మీద, చాట పట్టుకున్న వేళ్ల మీద గోధుమరంగు చుక్కలు. వాటి చుట్టూ సన్నగా, తెల్లగా బూజు.

స్నిగ్ధ మెట్టు మీద కూర్చుండిపోయింది.

మహిధర్ నిందించలేదు. పరికరం చూసి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "గది చల్లగున్నది. బయటి తడిగాలి లోపలికొచ్చి సల్లవడ్డది. ఇగ అంత తేమ కాగితమే తాగింది."

ఆమె ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్న చల్లదనమే కొంప ముంచింది.

ఫోన్‌లో చెప్పడం తప్పనిపించి, ఆమె ఆ మధ్యాహ్నమే టీచర్ ఇంటికి వెళ్లింది. బొమ్మను శుభ్రమైన తెల్లబట్టలో చుట్టి, ఒడిలో పెట్టుకుని తీసుకెళ్లింది. టీచర్ వంటింట్లో రొట్టె చేస్తోంది. చేతులు కడుక్కుని వచ్చి, బట్ట విప్పి చూసింది. వేలు చెంప దాకా తీసుకెళ్లి, తాకకుండా ఆగిపోయింది.

"తప్పు నాదే టీచర్. మహిధర్ చెప్తనే ఉన్నడు. నేను వినలే."

పొయ్యి మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. మరదలు వంటింట్లోకి వెళ్లి దాన్ని తీసేసింది.

"నీ అర్ర మంచిగనే ఉండె," అంది చివరికి. "సల్లగుండె. నలుగురు మెచ్చుకున్నరు. గని దాన్ని పరీక్ష చేస్తందుకు నీకు మా అమ్మనే దొరికిందా బిడ్డా?"

టీచర్ బొమ్మను మళ్లీ తెల్లబట్టలో చుట్టి పక్కన పెట్టుకుంది.

"పో ఇగ. బొమ్మలు ఇయ్య. కమిటీ సార్‌కు నేనే చెప్పిస్త."

మ్యూజియం పని ఆగిపోయింది. వీరభద్రరావు ఆమెను పిలిపించాడు. కోప్పడలేదు గానీ, మాట గట్టిగానే వచ్చింది.

"మీరు చెప్పిందేంటి, జరిగిందేంటమ్మా? పెద్దావిడకి నేనేం మొహం పెట్టుకుని చెప్పను? మొత్తం భవనానికి ఏసీ పెట్టేయండి. అప్పుడైనా ఆవిడ వింటారేమో అడుగుదాం."

"పెట్టొచ్చండి. అప్పుడు మీ షరతు నిలబడదు. రాత్రీ పగలూ ఏసీ నడవాలంటే ఆ పైకప్పు మీది కరెంటు ఏ మూలకూ చాలదు."

"మరి ఏం చేద్దామంటారు?"

"నాకు తెలీదండి. కొంచెం సమయం ఇవ్వండి."

అట్లా తెలీదు అనడం ఆమెకు ఈ వృత్తిలో అదే మొదలు. ఇంటికి కోహీర్ వెళ్లి రెండు రోజులు ఊరికే ఉంది. తండ్రి ఏమైందని అడిగాడు. చెప్పింది. ఆయనకు బొమ్మల సంగతి అంతగా తెలియదు. "జర తిను ముందు," అని పళ్లెం దగ్గరికి జరిపాడు. ఆమె తిన్నది. పని వదిలేస్తే ఎట్లా ఉంటుందని కూడా ఆలోచించింది. వదిలేస్తే ఆ నమూనా గది అట్లాగే ఉంటుంది. టీచర్ బొమ్మలు ఎక్కడా ఉండవు. ఆ ఆలోచనే ఆమెను మళ్లీ మహిధర్‌కు ఫోన్ చేయించింది.

హైవే పక్కన ఒక దాబాలో ఇద్దరూ చాయ్ తెప్పించుకుని, ఏడాది పొడవునా వాతావరణం ఎలా ఉంటుందో చూపే గీతల కాగితాలను బల్ల మీద పరిచారు. మహిధర్ ఎర్ర పెన్నుతో తేమ ఎక్కువున్న నెలలు దిద్దాడు. స్నిగ్ధ ఆ ఎర్ర భాగాన్నే చూస్తూ ఉంది. కాసేపటికి ఆమె చూపు మిగతా కాగితం మీదికి వెళ్లింది.

"మహిధర్, దసరా దాటినంక చూడు. దీపావళి నుంచి ఎండలు ముదిరే దాకా అసలు ఇబ్బందే లేదు గదా?"

"లేదు. నీ గది ఆ నెలలల్ల మస్తుంటది."

"మరి మనం ఏడాదంతా ఒక్క తీరుగ ఉండాలని ఎందుకు పట్టుకున్నం?"

"మ్యూజియం అంటే గంతే గద. ఎప్పుడొచ్చినా బొమ్మలుండాలె."

"ఎవరు చెప్పిన్రు?"

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆమె అప్పటికే కాగితం తిరగేసి గీయడం మొదలుపెట్టింది. భవనం నడుమ కిటికీలు లేని ఒక చిన్న గది. దానికి మాత్రమే తేమ లాగే యంత్రం, చిన్న ఏసీ. కాగితం బొమ్మలన్నీ వానాకాలం అంతా అందులో చీకట్లో ఉంటాయి. చుట్టూ ఉన్న పెద్ద గదులకు యంత్రమేమీ లేదు. వాటి కిటికీలకు తలుపులు. పొడి నెలల్లో కొన్ని బొమ్మలు బయటికి వస్తాయి. అవి కూడా కొన్నాళ్లే, మసక వెలుతురులో కాదు, బాగా కనపడేంత వెలుతురులో. ఆ తర్వాత అవి లోపలికి, ఇంకొన్ని బయటికి.

"చిన్న అర్ర ఒక్కటే అయితే పైకప్పు మీది కరెంటు సరిపోతది," అన్నాడు మహిధర్, మనసులో లెక్క వేసుకుంటూ. మళ్లీ నవ్వాడు. "గని నీ 'ఏసీ లేని మ్యూజియం' పాయె."

"పోనీ," అంది. ఆ మాట అనడం తేలికే అయింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కొత్త డ్రాయింగులు తీసుకుని ఇంటికి వెళ్తే, మనోరమ టీచర్ ఆమెను లోపలికి రానిచ్చింది, కుర్చీ చూపించింది. చాయ్ మాత్రం అడగలేదు. స్నిగ్ధ డ్రాయింగులు తెరిచింది.

"బొమ్మలు అడుగుతందుకు రాలే టీచర్. మీరు ఆ రోజు వరండాల చూపించింది నాకు అర్థమైంది. దానికి ఇది నా జవాబు. జర చూసి తప్పుంటే చెప్పండి."

టీచర్ కళ్లద్దాలు పెట్టుకుంది. చిన్న గది ఏమిటో, తలుపులు ఎటు తెరుచుకుంటాయో ఒక్కొక్కటీ అడిగింది. డ్రాయింగ్ చూడడం ఆవిడకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"వెలుతుర్ల పెట్టినన్ని దినాలు రంగు పోతనే ఉంటదంటివి గద?"

"పోతది టీచర్. మెల్లగ పోతది. లోపల ఉన్నన్ని దినాలు ఆగుతది. ఏది ఎంత బయట పెట్టాలెనో నేను చెప్పలేను. అది మీరే చెప్పాలె."

టీచర్ కాగితం మీంచి తల ఎత్తి ఆమెను చూసింది.

"అంటే ఏది జల్ది పోవాలె, ఏది ఉండాలె, నన్ను జెప్పుమంటున్నవ్."

"అవును."

"కష్టం పని పెట్టినవ్."

ఆ పనికి ఆవిడకు శీతాకాలం అంతా పట్టింది. తమ్ముడి కోడలు పూజిత సాయం పట్టగా, బొమ్మలన్నీ మంచం మీద పరిచి చూసుకునేది. స్నిగ్ధ అప్పుడప్పుడు వచ్చి పక్కన కూర్చునేది. మొదట్లో ఇద్దరి మధ్యా పని మాటలే. తర్వాత తర్వాత టీచర్ ఆ ఊళ్ల కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడ నీళ్లు అడిగితే అంబలి పోశారో, ఎక్కడ గొడ్లు వచ్చి రంగు నీళ్లు తాగేశాయో.

కొన్ని బొమ్మలు చేతిలోకి తీసుకోగానే తేల్చేసేది. "గిది ఎండల ఉండనీ. పిల్లలు చూడనీ. పోతే పాయె, చూస్తందుకే గద ఏసిన." కొన్నింటి దగ్గర చాలాసేపు ఆగిపోయేది. పక్కన పెట్టి, మళ్లీ తీసి, మర్నాడు మనసు మార్చుకునేది. ఒకసారి, "నేను పోయినంక గివి ఉంటయని ఇన్ని దినాలు ధీమగుంటి. ఏవి ఉండాలెనో నేనే ఎంచవల్సి వచ్చె," అని నవ్వింది. ఆ నవ్వు చూసి స్నిగ్ధ తల దించుకుంది. తన గీతలు ఆవిడ మీద ఎంత బరువు పెట్టాయో అప్పుడే తెలిసింది.

తల్లి బొమ్మను హైదరాబాద్‌లో కాగితాలు బాగుచేసే ఒకామె దగ్గరికి పంపారు. బూజు పోయింది. చుక్కలు చాలావరకు తగ్గాయి. చెంప మీది మరక ఒకటి అట్లాగే ఉండిపోయింది. బొమ్మలన్నీ రెండు కుప్పలయ్యాక టీచర్ దాన్ని ఏ కుప్పలోనూ పెట్టలేదు.

"ఇది ఇయ్య బిడ్డా. నీ మీద కోపంతోని కాదు. గని ఇయ్య."

"సరే టీచర్," అంది స్నిగ్ధ.

ఇక కమిటీ మిగిలింది. ఆ రోజు హాలు నిండా మనుషులున్నారు. స్నిగ్ధ నిలబడి, తాను చెప్పినట్టు ఏసీ లేకుండా ఈ మ్యూజియం నడవదని, తన అంచనా తప్పిందని, దాని వల్ల ఒక బొమ్మ పాడైందని మొదటే చెప్పేసింది. ఎవరో వెనక గుసగుసలాడారు. ఆమె కొత్త డ్రాయింగులు చూపించడం ఆపలేదు.

వీరభద్రరావు అంతా విని కుర్చీలో ముందుకు వంగాడు.

"వానాకాలంలో ఎవరైనా చూడ్డానికొస్తే ఖాళీ గోడలు చూపిస్తామా అమ్మా?"

"ఖాళీగా ఉండవండి. తడికి పాడుకాని వస్తువులు పెట్టొచ్చు. మట్టి బొమ్మలు, రాయి, ఇత్తడి. విద్యార్థులు చేసినవి. టీచర్ బొమ్మలు మాత్రం అప్పుడు ఉండవు. ఆ సంగతి బోర్డు మీద రాసి పెడదాం."

"ఆవిడ ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు. ఒక్క బొమ్మ తప్ప అన్నీ ఇస్తున్నారు."

ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "మా ఫ్యాక్టరీలో ఏటా ఓసారి లైన్ ఆపేసేవాళ్లం. మెషిన్లన్నీ విప్పి చూసుకునేవాళ్లం. బయటివాళ్లకి అది పని మానేసినట్టుండేది. కానీ అప్పుడు ఆపకపోతే మిగతా ఏడాది నడిచేది కాదు. సరే, కట్టండి. అయితే ఒక్క మాట. ఏసీ లేదు, గీసీ లేదు అని ఎక్కడా రాయకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి."

రెండో ఏడు దీపావళి వెళ్లాక మ్యూజియం తెరిచారు. ఎర్రరాయి గోడలు బయట నుంచి నేలలోంచి కొంచెం పైకి లేచిన దిబ్బలా ఉన్నాయి. మనోరమ టీచర్ కొత్త నేతచీర కట్టుకుని వచ్చింది. ఉపన్యాసాల మధ్యలోనే లేచి బొమ్మల గదిలోకి వెళ్లి, కిటికీ తలుపులు ఇంకొంచెం తెరవమని అడిగింది. ఝరాసంగం నుంచి వచ్చిన కొందరు రైతు ఆడవాళ్లు పత్తి ఏరే బొమ్మ ముందు నిలబడి, అందులో నడుము వంచిన మనిషి తమ ఊరి ఫలానా ఆవిడే అని వాదించుకున్నారు. టీచర్ ఎవరి మాటా కాదనలేదు.

అన్నీ అనుకున్నట్టే జరగలేదు. మే నెల మధ్యాహ్నాల్లో పెద్ద గదుల్లో జనం ఎక్కువైతే ఉక్కగా ఉండేది. కిటికీ తలుపుల్లో ఒకటి సరిగా మూసుకోక, దాన్ని మార్చాల్సి వచ్చింది. మబ్బు కమ్మిన వారాల్లో పైకప్పు మీది కరెంటు చాలక క్యాంపస్ నుంచి కొంచెం తీసుకున్నారు. వీరభద్రరావు ఆ సంగతి పట్టించుకుని అడిగితే మహిధర్ దాచకుండా చెప్పి, ఇంకొన్ని సోలార్ పలకలు వేయించాడు.

మొదటి వానాకాలం రాగానే కాగితం బొమ్మలన్నీ లోపలికి వెళ్లాయి. ఆ రోజు స్నిగ్ధ కూడా వచ్చింది. విద్యార్థులు పెద్ద గదుల్లో తాము చేసిన మట్టి కుండలు, గుర్రాలు సర్దుకుంటూ అరుచుకుంటున్నారు. బయట సన్నగా తుంపర. ఆమె నడిమి గదిలోకి వెళ్లి తలుపు మూసింది. సొరుగుల్లో టీచర్ చూసిన ఊళ్లన్నీ చీకట్లో పడుకుని ఉన్నాయి. మూలన యంత్రం సన్నగా మోగుతోంది. ఈ భవనంలో ఎప్పటికీ వినపడకూడదని ఆమె మొదట్లో కోరుకున్న చప్పుడు. కాసేపు నిలబడి విన్నది. చెవికి ఇబ్బందిగా ఏమీ లేదు.

మహిధర్ తలుపు కొంచెం తెరిచి తొంగి చూశాడు. "తేమ సరిగ్గనే ఉన్నది. ఆకలైతలేదా నీకు? క్యాంటీన్‌ల ఇయ్యాల మక్క గారెలట."

"వస్తున్న," అని ఆమె తలుపు గట్టిగా, సందు లేకుండా మూసి అతని వెంట నడిచింది.